కొత్త లైసెన్సు, 160 హార్స్‌పవర్ కారు: కొనివ్వవచ్చా?

హనుమకొండ_గృహిణి

మా పెద్దవాడికి 19 ఏళ్లు. ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు, నెల దాటగానే ట్రాక్ మీద ఎనిమిది తిప్పి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కారు కావాలంటున్నాడు. అదీ మామూలు కారు కాదు, 1.5 లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్, 160 హార్స్‌పవర్. మావారు దుబాయిలో ఉంటారు. పిల్లల దగ్గర ఉండలేకపోతున్నానన్న బాధ ఉంది కాబట్టి వాడేది అడిగినా కాదనలేరు. "కొందాంలే" అని ఫోనులో అనేశారు కూడా.

నాకు భయంగా ఉంది. మొన్న వాడి ఫోనులో ఒక వీడియో చూశాను. రాత్రిపూట ఔటర్ రింగు రోడ్డు, స్నేహితుడి కారు, స్పీడోమీటర్ ముల్లు 148 మీద ఉంది. వెనక సీట్లో కేకలు, నవ్వులు. ఆ నవ్వుల్లో మావాడి గొంతు గుర్తుపట్టాను. అడిగితే "నేను నడపలేదు కదమ్మా" అన్నాడు. అదే వాడికి పెద్ద సమాధానం.

నేను పాత చిన్న కారు కొందామంటున్నాను. వాడేమో "కొత్తదానికి ఆరు ఎయిర్‌బ్యాగులు, ఐదు నక్షత్రాల రేటింగు ఉన్నాయి, నువ్వు చెప్పే డొక్కు కారులోనే ప్రాణం పోతుంది" అని నా నోరు మూయిస్తున్నాడు. నేను స్కూటీ తప్ప ఏదీ నడపను, అందుకని ఈ విషయంలో ఇంట్లో నా మాటకు విలువ లేదు. చిన్నవాడికి 16. మా మరిది కారు ఇంటికి వస్తే చాలు, సందులో ముందుకూ వెనక్కూ తీస్తానంటూ తాళాలు లాక్కుంటాడు. ఇంట్లో పెద్ద కారు ఉంటే వాడినెవరు ఆపాలి?

నాది అతిభయమా? బండ్ల సంగతి తెలిసినవారు చెప్పండి.

నాలుగోగేరు

మేడమ్, కోపం తెచ్చుకోకండి. ప్రతిసారీ కారునే దోషిని చేస్తారు. మంచి ఇంజన్ ఉంటే లారీని దాటడం త్వరగా పూర్తవుతుంది, ఎదుటి లేనులో ఉండే సమయం తగ్గుతుంది. బలం లేని కారులో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని దాటబోయి మధ్యలో ఇరుక్కున్నవారిని ఎంతమందిని చూశానో. మీ అబ్బాయికి వేగం మీద అంత మోజు ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, ట్రాక్ డేలు జరుగుతాయి. అక్కడ హెల్మెట్ పెట్టుకుని తనివి తీరేదాకా తిప్పుకోమనండి. ఔటర్ మీద మాత్రం వద్దు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఎల్‌బోర్డు_మాస్టారు

అమ్మా, కూకట్‌పల్లిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. మీది అతిభయం కాదు. పై తమ్ముడు చెప్పిందాంట్లో నిజం ఉంది, కానీ లారీని దాటవచ్చో లేదో తేల్చుకోవడం వచ్చిన వాడికే ఆ బలం పనికొస్తుంది. అది రానివాడికి బలమిస్తే దాటకూడని చోట కూడా దాటేయవచ్చనిపిస్తుంది.

ముందు ఆ నక్షత్రాల సంగతి. అవి ఎలా వస్తాయో మీ అబ్బాయినే అడగండి. మన దేశంలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ ముందువైపు పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, నలిగే గుణమున్న ఒక అడ్డుకు గుద్దిస్తారు. లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలను బట్టి మార్కులు వేస్తారు. 64 దగ్గర. వేగం రెండింతలై 128కి చేరితే గుద్దుడు శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఆ వీడియోలో ముల్లు 148 మీద ఉందన్నారు. అక్కడ ఏ నక్షత్రమూ హామీ ఇవ్వదు.

ఇంకొకటి. ఎయిర్‌బ్యాగు లోపలున్నవారి కోసం. గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న ప్రారంభించారు. అదే నెల 23న ఒక కారు దాని మీది నుంచి గాల్లోకి లేచి కింది రోడ్డు మీద పడింది. అక్కడి పరిమితి 40, ఆ కారు వేగం 100 దాటిందని పోలీసులు తేల్చారు. నడిపినవాడు బతికాడు. కింద రోడ్డు మీద ఉన్న ఒకామె చనిపోయింది.

ఇప్పుడు నా పనికి సంబంధించిన మాట. నేను నేర్చుకున్నది మారుతి 800 మీద. 796 సీసీ, 37 హార్స్‌పవర్. 80 దాటితే తలుపులు దడదడలాడేవి, స్టీరింగు వణికేది, పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. ఎంత వేగంలో ఉన్నామో కారే చెప్పేది. ఇప్పటి టర్బో సెడాన్‌లో 120 దగ్గర కూడా పాట స్పష్టంగా వినబడుతుంది. పాతికేళ్లు నడిపినవాడైతే చెట్లు వెనక్కి పోయే తీరు చూసి వేగం పసిగడతాడు. కొత్తవాడికి ఆ లెక్క ఇంకా కుదరలేదు. 110లో ఉండి 70లో ఉన్నానని నమ్ముతాడు, ఎగ్జిట్ ర్యాంపు మలుపు మీదికి వచ్చాక తెలుస్తుంది. అక్కడ చేసేది కూడా నాకు తెలుసు, ఎందుకంటే నా పక్క సీట్లో కూర్చుని ప్రతివాడూ అదే చేస్తాడు: మలుపు మధ్యలో హడలిపోయి బ్రేకు తొక్కుతాడు. లేదా చక్రం తారు అంచు దిగిందని స్టీరింగును ఒక్క గుంజు గుంజుతాడు. 40లో అయితే నా కాలి దగ్గరుండే రెండో బ్రేకు నొక్కి సరిచేస్తాను. 110లో సరిచేయడానికి వ్యవధే ఉండదు.

వ్యవధి అంటే ఎంత? 60లో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని మెదడుకు తట్టి కాలు బ్రేకు మీద పడడానికి సెకనున్నర వేసుకోండి. ఆపైన బ్రేకు పట్టి ఆగే దూరం కూడా కలిపితే, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో మొత్తం 45 మీటర్లు. 120లో కాలు బ్రేకు మీద పడేసరికే 50 మీటర్లు అయిపోతాయి, పూర్తిగా ఆగేసరికి 130 దాకా పోతుంది. రాత్రి డిమ్ లైటులో కనబడేది యాభై అరవై మీటర్లు. అంటే లారీ కనబడిన క్షణానికే లెక్క ముగిసిపోయింది. ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో 120 దాకా పోవచ్చు, ఎడమవైపు రెండింటిలో 80 దాటకూడదు. ఆ ఎడమ లేన్లోనే వెనక లైటు వెలగని ఇసుక లారీ 40తో పోతుంటుంది. స్నేహితుల ముందు గొప్ప కోసం కుడి నుంచి ఎడమకు కోసుకుంటూ వచ్చేవాడికి అది గోడతో సమానం.

ఔటర్ సంగతి అలా ఉంచండి. మీవాడు ప్రతి వారాంతం ఇంటికి వచ్చేది వరంగల్ రోడ్డు మీద. ఆలేరు, జనగామ దాటాక కోతల కాలంలో చూడండి, ఎడమ లేను పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున వరుసగా రాళ్లు పెడతారు, రాత్రికి పైన నల్లటి టార్పాలిన్ కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. డివైడరు సందుల్లోంచి ట్రాక్టరు ట్రాలీతో సహా అడ్డంగా వస్తుంది, ట్రాలీకి రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా ఉండదు. దీన్ని ఏ ఆర్టీవో ట్రాకూ నేర్పదు. ఆ రోడ్డు మీద ఎండలో, వానలో, చీకట్లో తిరిగి తిరిగి నేర్చుకోవాలి, నేర్చుకునేటప్పుడు వేగం తక్కువగా ఉండాలి.

నేను చేయించే ఒక పని చెబుతాను, దీనికి డబ్బు అక్కర్లేదు. నడుపుతూ కళ్లకు కనబడినదాన్నల్లా పైకి చెప్పమంటాను. "బస్సు ఆగింది, ముందు నుంచి మనిషి రావచ్చు." "ఆటోవాడు అద్దంలో చూడలేదు." "బంతి దొర్లింది, వెనక పిల్లవాడున్నాడు." మొదట్లో కుర్రవాళ్లు సిగ్గుపడి ముందున్న కారు ఒక్కటే చెబుతారు. ఎందుకంటే వారికి నిజంగానే అదొక్కటే కనబడుతుంది. కొన్ని నెలలకు నాలుగు, ఐదు సంగతులు వరుసగా నోట్లోంచి వస్తాయి. మీ మరిదిని పక్కన కూర్చోబెట్టి హనుమకొండ నుంచి జనగామ దాకా మీ అబ్బాయి చేత ఇలా చెప్పించండి. ఏం చెప్పాడన్నది కాదు, ఏం చెప్పలేదో మరిదిని గమనించమనండి. ఏ కారు ఇవ్వాలో అప్పుడు మీరే తేల్చగలరు.

యర్రా_తీరం

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. మా అమ్మాయి ఇప్పుడు ఎర్ర 'పీ' ప్లేటు (కొత్త డ్రైవర్లు కారుకు తగిలించుకోవాల్సిన గుర్తు) దశలో ఉంది. ఇక్కడి విక్టోరియా రాష్ట్రంలో 21 ఏళ్లలోపువారు పరీక్షకు వెళ్లే ముందు, పక్కన లైసెన్సున్న పెద్దవారిని పెట్టుకుని 120 గంటలు నడిపి, ఆ లెక్క చూపించాలి. ఆ తరువాత ఏడాది ఎర్ర పీ, మరో మూడేళ్లు ఆకుపచ్చ పీ. ఈ నాలుగేళ్లూ ఒక్క చుక్క మద్యం కూడా ఒంట్లో ఉండకూడదు. చాలా బలమైన కార్లు, అంటే టన్నుకు 130 కిలోవాట్లు మించినవి, నడపకూడదు.

మీ అబ్బాయి అడుగుతున్న కారు లెక్క వేశాను. 160 హార్స్‌పవర్ అంటే సుమారు 118 కిలోవాట్లు, కారు బరువు టన్నుంపావు అనుకుంటే టన్నుకు 95 లోపే. అంటే ఇక్కడైతే అది నిషేధంలోకి రాదు! అదే ఇటలీలో అయితే కొత్త డ్రైవర్లకు కుదరదు. అక్కడ 2024 డిసెంబరు నుంచి లైసెన్సు పొందినవారు మొదటి మూడేళ్లు టన్నుకు 75 కిలోవాట్లు గానీ, మొత్తం మీద 105 కిలోవాట్లు గానీ దాటిన కారు నడపకూడదు.

కానీ నా అనుభవంలో ఇక్కడ పిల్లలను కాపాడుతున్నది కారు నిబంధన కంటే, ఎర్ర పీలో ఉన్నంతకాలం 16 నుంచి 21 ఏళ్ల వయసువారిని ఒక్కరినే ఎక్కించుకోవాలన్న నిబంధన. తోబుట్టువులకు మినహాయింపు ఉంది. మీరు చూసిన వీడియోలో వెనక సీట్లో నవ్వులున్నాయని రాశారు చూడండి, వేగం అక్కడి నుంచే వస్తుంది. మన దేశంలో 18 నిండి లైసెన్సు వచ్చిందంటే ఆ రాత్రే నలుగురితో ఏ కారైనా నడపవచ్చు. చట్టం పెట్టని షరతును కొనిచ్చేవారు పెట్టవచ్చు. తాళాలతోపాటు ఆ మాట కూడా మీవారి చేత చెప్పించండి.

పాత_సర్వేయరు

బీమా సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. అందరూ పెద్దవాడి గురించి రాశారు, నాకు చిన్నవాడి మీదే దిగులు. సందు కూడా చట్టం దృష్టిలో రోడ్డే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షను వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నాకు తెలియకుండా తీశాడు అంటే, ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది పెద్దవారే. మీరు ఇక్కడ రాసిన తరువాత తెలియదనడం కష్టం కూడా!

2024 మే 19 తెల్లవారుజామున పుణె కల్యాణీనగర్‌లో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. 17 ఏళ్ల కుర్రవాడు, ఎలక్ట్రిక్ పోర్షే, బైకు మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. మొదట బెయిలుకు 300 పదాల వ్యాసం రాయమన్నారని దేశమంతా మండిపడింది. ఆ గొడవలో జనం మరిచిపోయిన సంగతి ఏమిటంటే తండ్రి కూడా అరెస్టయ్యాడు. లైసెన్సు లేనివాడు నడిపితే సొంత కారు నష్టానికి బీమా రాదు. బాధితులకు కట్టిన సొమ్మును బీమా సంస్థ యజమాని దగ్గర వసూలు చేసుకునేలా ట్రైబ్యునళ్లు తీర్పులిస్తుంటాయి. తాళాలు బీరువాలో పెట్టండి.

హనుమకొండ_గృహిణి

అందరికీ నమస్కారాలు. ఆదివారం మా మరిదితో జనగామ దాకా పంపాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు పక్క గొర్రెల మందను మావాడు అసలు చెప్పనేలేదట. వెనక్కి వచ్చాక వాడే కాసేపు మాట్లాడలేదు. మావారితో కూడా మాట్లాడాను. ఏడాది పాటు పాత చిన్న కారే, స్నేహితుల్లో ఒక్కరినే ఎక్కించుకోవాలి, రాత్రి పది దాటాక ఔటర్ ఎక్కకూడదు అని అనుకున్నాం. వాడు అలిగాడు. అలగనీ. మాస్టారూ, పాత కారు కొనేటప్పుడు ఏమేం చూడాలి? డొక్కు కారులో ప్రాణం పోతుందన్న మాట కూడా పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను.

ఎల్‌బోర్డు_మాస్టారు

ఆ మాటలో వాడిది తప్పు లేదమ్మా, మరీ పాతది కొనకండి. 2019 ఏప్రిల్ తరువాత తయారైనదైతే, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. 2022 జనవరి తరువాతదైతే ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, కాబట్టి బడ్జెట్ అందితే అదే చూడండి. టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు, 80 హార్స్‌పవర్ అటూ ఇటూ సరిపోతుంది, నలుగురితో కొండ ఎక్కుతుంది. వెనక సీటు బెల్టులు లాగి చూడండి, అమ్మేవారు వాటిని సీటు కిందికి నెట్టేసి ఉంటారు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పైన గాడి బాగానే కనబడినా అంత పాత రబ్బరు వానలో పట్టదు. నాలుగూ కొత్తవి వేయించే ఖర్చు కలుపుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి. స్టెప్నీ చూడడం మరిచిపోవద్దు, సాధారణంగా కారు వయసెంతో దాని వయసూ అంతే.