గోదావరి పాయల పటం: అంధ విద్యార్థుల కోసం స్కేలు సడలించవచ్చా?

బ్రెయిలీ_రాజోలు
ధవళేశ్వరం దిగువ పాయల ఉపగ్రహ చిత్రాన్ని స్వెల్ పేపర్ (వేడి చేస్తే నల్లగీతలు ఉబ్బి వేలికి తగిలే కాగితం) మీద ఎక్కించాలి. ఉన్నది ఉన్నట్టు వేస్తే పాయలు వేలికి కలిసిపోతాయి, పక్కకు జరిపితే కొలత తప్పుతుంది. ఏం చేద్దామండీ?

కొలత_ముఖ్యం
జరపొద్దండీ. చూపున్న పిల్లలకు అసలు పటం, చూపులేని పిల్లలకు సర్దిన పటం ఇవ్వడం న్యాయం కాదు. దూరం కొలవమని పరీక్షలో అడిగితే ఆ బిడ్డ మార్కు పోగొట్టుకుంటుంది. ఏ4 చాలకపోతే ఏ3 వాడండి.

వేలి_చదువు
లెక్క వేద్దామండీ. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఏ4 నిలువులో పట్టించాలంటే కిలోమీటరుకు సుమారు 4 మిల్లీమీటర్లే వస్తాయి. అర కిలోమీటరు వెడల్పున్న పాయకు రెండు గట్లూ గీస్తే మధ్యలో మిగిలేది 2 మిల్లీమీటర్లు. ఏ3లోనూ 3కి మించదు. గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ లేకపోతే వేలు వాటిని విడదీయలేదు. పైగా స్వెల్ పేపర్ మీద నల్లగీత వేడికి ఉబ్బి పక్కకూ కాస్త పాకుతుంది. వేడి ఎక్కువైతే రెండూ అతుక్కుంటాయి, తక్కువైతే గీత లేవనే లేవదు.

అందుకని గట్లు వదిలేసి పాయకొక్క గీత, 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందంతో గీయండి. సముద్రమంతా వేలికి తగిలే చుక్కలతో నింపి, ఒడ్డు గీతకు ముందే 5 మిల్లీమీటర్ల దూరంలో ఆపేయండి. వరిచేలకు పసుపు వాడొచ్చు: నలుపు కలవని పసుపు ఉబ్బదు, కొద్దిచూపు ఉన్న పిల్లలకు కనిపిస్తుంది.

పేర్ల దగ్గరే అసలు చిక్కు. బ్రెయిలీని కుదించడానికి వీల్లేదు, ఒక్కో గడికి (ఆరు చుక్కల అక్షరం చోటుకు) సుమారు 6 మిల్లీమీటర్లు పడుతుంది. పొడి అక్షరం పెడదామంటే వశిష్ఠ, వైనతేయ, వృద్ధ గౌతమి మూడూ "వ"తోనే మొదలవుతాయి! "వశ", "వన", "వృ" అని పెట్టి, వివరం వేరే కాగితం మీద ఇవ్వండి.

కొలత_ముఖ్యం
పాయకొక్క గీత సరేనండీ. కానీ గన్నవరం అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) ఎగువన, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయే చోటు మాత్రం జరపకూడదు. అదే ఈ పాఠానికి ప్రాణం.

వేలి_చదువు
ఆయ్, అక్కడ జరపక్కర్లేదు. ఆ చోటును రెండో కాగితం మీద పెద్దది చేసి, "ఇది మొదటి పటంలోని వశ గీత భాగం, 4 రెట్లు" అని బ్రెయిలీలో రాయండి. మొదటి పటంలో దిగువ పాయల్ని ఎక్కడైనా జరిపితే అదీ రాయండి. పిల్లలకు తెలియకుండా జరపడమే తప్పు.

ఆల్ట్_టెక్స్ట్
ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీది మాటల్ని చదివి వినిపించే సదుపాయం) చదివేలా వర్ణన ఇస్తే ఈ శ్రమంతా తగ్గదా అండీ? "గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలింది. తూర్పున గౌతమి యానాం పక్కగా సాగుతుంది. పడమట వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాన్నుంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గర కలుస్తుంది." ముందు మొత్తం, తర్వాత భాగాలు.

బ్రెయిలీ_రాజోలు
వర్ణన తప్పకుండా పెడతామండీ, పటం తడిమే ముందే వినిపించాలి. అయితే ఏ పాయ ఎంత వంపు తిరిగిందో, కోనసీమ ఏ ఆకారంలో మిగిలిందో మాటల్లో పట్టదు. ముందుగా ఒక కాపీ తీసి, బ్రెయిలీ చదివేవాళ్లతో తడిమిస్తాం. మనం కళ్లు మూసుకుని తడిమితే ఏమీ తేలదు, బొమ్మ మనకు ముందే తెలుసు కదా.

కొలత_ముఖ్యం
స్కేలు గీత కూడా ఉబ్బేలా వేయండి, 10 కిలోమీటర్లకు 4 సెంటీమీటర్లు. రెండో కాగితానికి దాని స్కేలు దానికే ఉండాలి.