అప్‌డేట్: లేయాతోనే మొదలుపెట్టాం

స్టార్ వార్స్ సినిమాలంటే ప్రాణం పెట్టే మా తొమ్మిదో తరగతి అమ్మాయికి, ఆ పాత్రల పూర్వకథలు చెప్పే నవలల్లో ముందుగా ఏది ఇవ్వాలని అడిగాను కదా. విడుదల వరుసను పక్కనపెట్టి, తనకు ఇష్టమైన పాత్రతో, అంటే యువరాణి లేయాతో, మొదలుపెట్టమన్న సలహానే పాటించాం.

క్లాడియా గ్రే రచన ‘లేయా, ప్రిన్సెస్ ఆఫ్ ఆల్డెరాన్’ (2017) తెప్పించాను. ఇందులో లేయాకు పదహారేళ్లు. ఆల్డెరాన్ అనే గ్రహపు సింహాసనానికి తగినదాన్నని నిరూపించుకోవడానికి శరీరం, బుద్ధి, హృదయం అనే మూడు పరీక్షలకు సిద్ధమవుతుంది. అయితే నవలకు ప్రాణం ఆ ఇంట్లోని మౌనం. తల్లిదండ్రులు విందుల మాటున గెలాక్సీని ఏలే సామ్రాజ్యంపై తిరుగుబాటుకు సన్నాహాలు చేస్తుంటారు, కూతురికి మాత్రం చెప్పరు. తనను పట్టించుకోవడం మానేశారని ఆ పిల్ల నొచ్చుకుంటుంది. మా అమ్మాయి ఆ అధ్యాయాలను మళ్లీ మళ్లీ చదివింది. 1977 నాటి మొదటి సినిమాలో ఆల్డెరాన్ నాశనమవుతుందని తెలుసు కాబట్టి, ఆ గ్రహం మీది కొండల వర్ణన చదువుతుంటే నాకే గుండె బరువెక్కింది. ‘ద లాస్ట్ జెడై’ సినిమాలోని హోల్డో అనే పాత్ర ఇక్కడ వింతగా మాట్లాడే స్నేహితురాలిగా రావడం మా అమ్మాయికి భలే నచ్చింది.

కొందరు చెప్పిన ‘లాస్ట్ స్టార్స్’లో నాయికానాయకులు కొత్తవారు కాబట్టి దాన్ని తర్వాత చదువుతుందట. ఇప్పుడు ఆ సినిమాల్లోని మరో పాత్ర పద్మే వంతు. ఇ. కె. జాన్‌స్టన్ రాసిన వాటిలో ‘క్వీన్స్ షాడో’ (2019) ముందు వచ్చినా, పద్నాలుగేళ్లకే రాణి అయిన కథ ‘క్వీన్స్ పెరిల్’ (2020)లో ఉంది. దాన్నే ముందు ఇస్తున్నాను.