ష్మిట్ స్మారకం బొమ్మ: బీచ్‌లో వెలుగు, ఇంట్లో మసక

ప్రశ్న
నమస్కారమండీ. చెన్నై బెసంట్‌నగర్ బీచ్‌లో పొద్దున 6:30కి రోడ్డు వైపు నుంచి ష్మిట్ స్మారకాన్ని (ఇసుకలో ఉన్న తెల్ల కట్టడం) ఆయిల్‌ రంగుల్లో వేస్తున్నాను. కాన్వాస్ 10×12 అంగుళాలు. అక్కడ వెలిగిపోతూ కనిపిస్తుంది, ఇంటికి తెస్తే మసకేసినట్టుంటోంది. ఎంత తెలుపు పెట్టినా కట్టడం సున్నం కొట్టినట్టే ఉంది. రంగులు బురద కూడా అవుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు
మీరు తూర్పుకు తిరిగి వేస్తున్నారు కాబట్టి సూర్యుడు కాన్వాస్ వెనకుంటాడు. ఎండ గుడ్డలోంచి ఇటు దిగి రంగులకు లేని వెలుగునిస్తుంది. ఇంట్లో అది ఉండదు. కాన్వాస్ వెనక అట్ట బిగించండి, లేదా జెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల పూత) రెండు మూడు పూతలేసిన ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) పలక వాడండి. పాలెట్ (రంగులు కలిపే పలక) మీదా ఎండ పడకూడదు. పడితే రంగు ఉన్నదానికన్నా లేతగా కనిపించి ముదురుగా కలిపేస్తారు. నీడకు పెట్టే గొడుగు తెలుపో బూడిదరంగో ఉండాలి.

మరో జవాబు
సున్నం సంగతి: ఆ వేళ అటునుంచి మీకు కనిపించేది కట్టడం నీడ వైపు. కళ్ళు సగం మూసి చూడండి, వెనకున్న ఆకాశం కన్నా అది ముదురు. తెలుపులో కొంచెం అల్ట్రామెరీన్ నీలం, చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ) కలపండి. అడుగున ఇసుక వెలుగు తగిలే చోట కాస్త ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). అసలు తెలుపు, ఎండ ఒరుసుకునే అంచుకే దాచుకోండి. అక్కడ ఒక్క మందపాటి గీత చాలు. నీడల ఆకారాలు మొదటి పది నిమిషాల్లో ఖాయం చేసి, తర్వాత అవి జరిగినా మార్చకండి. గంటకు ఆపి మర్నాడు అదే వేళకు రండి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1892, 1893ల్లో రువాఁ ఊరి చర్చిని వేసినప్పుడు వెలుగు మారితే కాన్వాసే మార్చేవాడు.

ఇంకో జవాబు
తడి మీద తడి వేసి మూడోసారి రుద్దితే బురదే. లేత రంగులకో బ్రష్, ముదురు రంగులకో బ్రష్ విడిగా ఉంచండి. ముదురువి టర్పెంటైన్‌తో పల్చగా ముందు, లేతవి చిక్కగా చివర్న. చెడినచోట కత్తితో గీకి మళ్ళీ వేయండి, పైన పూయొద్దు. ఇసుక అంటుకుంటే తడిమీద తుడవకండి, ఆరాక మెత్తటి బ్రష్‌తో దులపండి. కొన్ని రేణువులు ఉండిపోయినా ఫర్వాలేదు, మోనే 1870లో ఫ్రాన్స్‌లోని త్రూవిల్ తీరంలో వేసిన బొమ్మలో ఇప్పటికీ ఇసుక ఉంది. లిన్‌సీడ్ (అవిసె) నూనె అంటిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి సంచిలో పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచండి.

అడిగినవారు
పాలెట్ ఎండలోనే ఉంటోందండీ. రేపు అట్ట కూడా బిగిస్తాను.