వేగం 100 శాతం చూపిస్తున్నా ఆట పట్టి పట్టి నడుస్తోంది: ఫోన్‌లో పీఎస్‌పీ ఎమ్యులేషన్

రామగుండం_రేసర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ కోసం 2009లో వచ్చిన గ్రాన్ టురిస్మో అనే కార్ల రేసు ఆట డిస్కును మా అన్నయ్య అప్పట్లోనే కొన్నాడు. ఆ కన్సోల్ బ్యాటరీ ఉబ్బిపోవడంతో దాన్ని తీసేసి, చార్జర్ మీదనే నడిపి, డిస్కులోని ఆటను ఐఎస్‌ఓ ఫైలుగా నా ఫోన్‌లోకి తెచ్చుకున్నాను. పీఎస్‌పీ ఆటలను ఫోన్‌లో నడిపే ఎమ్యులేటర్ యాప్ పీపీఎస్‌ఎస్‌పీపీలో ఆట తెరుచుకుంటోంది, రేసు మొదలవుతోంది, కాని నడక మాత్రం సాఫీగా లేదు.

ఎలా సాఫీగా లేదో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇబ్బంది ఒక్క తీరుగా కనిపించడం లేదు. తెర మూలన వేగం 100 శాతం, ఫ్రేములు (సెకనుకు గీసే బొమ్మలు) 60 అని స్థిరంగా చూపిస్తున్నప్పుడు కూడా, మలుపు తిరిగేటప్పుడు రోడ్డు పక్క కంచె సన్నగా వణుకుతున్నట్టు ఉంటుంది. కొత్త ట్రాక్‌లో మొదటి ల్యాప్ తిరుగుతున్నప్పుడు, ముఖ్యంగా కారు మట్టిలోకి దిగి దుమ్ము లేచిన క్షణంలో, ఆట అర సెకను పాటు పట్టేసి వదులుతుంది; రెండో ల్యాప్‌లో అదే చోట ఏమీ కాదు. ఇక పన్నెండు, పదిహేను నిమిషాలు గడిచాక వేగం 80 శాతానికి పడిపోయి, ఇంజిను శబ్దం చిరిగిన స్పీకరులోంచి వస్తున్నట్టు గరగరలాడుతుంది.

ఫోన్ మధ్యశ్రేణిది. రెండు పెద్ద కోర్లు, ఆరు చిన్న కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న ప్రాసెసర్, 6 జీబీ ర్యామ్, 90 హెర్ట్జ్ తెర. బొమ్మలు గీయించడానికి వల్కన్ అనే పద్ధతి వాడుతున్నాను, రెండరింగ్ రిజల్యూషన్ (బొమ్మ గీసే పిక్సెళ్ల కొలత) 5 రెట్లు పెట్టాను, ఆటలోని ఉపరితలాల బొమ్మలను పెంచి చూపే టెక్స్చర్ అప్‌స్కేలింగ్ కూడా ఆన్‌లో ఉంది. అన్నయ్య దుబాయి నుంచి వచ్చే నెల వస్తున్నాడు. ఆయన చేతికి ఫోన్ ఇచ్చేసరికి ఈ ఆట పాత పీఎస్‌పీలో నడిచినట్టే నడవాలని నా కోరిక. దయచేసి దారి చూపించండి.

తెనాలి_తెర

రిజల్యూషన్ 2 రెట్లకు తగ్గించి, ఫ్రేమ్ స్కిప్పింగ్ 1 అని పెట్టి చూడండి. నా పాత ఫోన్‌లో ఇలా చేసిన తర్వాతే ధ్వని గరగర పోయింది.

పాత_కన్సోల్

రేసర్ గారూ, లక్షణాలను విడదీసి రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. ఈ మూడింటికీ కారణాలు వేరు, కాబట్టి ఒక్క సెట్టింగుతో మూడూ పోవు. తెనాలి గారు చెప్పిన మొదటి మాటతో ఏకీభవిస్తాను, కాని ఫ్రేమ్ స్కిప్పింగ్ మాత్రం ఈ ఆటకు వద్దని నా గట్టి అభిప్రాయం. అది కొన్ని ఫ్రేములను గీయకుండా వదిలేసి వేగాన్ని నిలబెడుతుంది. ధ్వని సరిపోతుంది నిజమే, కాని సెకనుకు 60 ఫ్రేములతో నడవడానికే తయారైన ఆటలో ఫ్రేములు వదిలేస్తే మీరు పోగొట్టుకోవాలనుకుంటున్న కుదుపును మీరే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

ముందుగా కంచె వణుకు సంగతి. మీ తెర సెకనుకు 90 సార్లు, అంటే ప్రతి 11.1 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. ఆట 16.7 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేము ఇస్తుంది. 90ని 60తో భాగిస్తే ఒకటిన్నర వస్తుంది, కాని తెర ఒక ఫ్రేమును ఒకటిన్నర సార్లు చూపించలేదు కదా! అందువల్ల ఒక ఫ్రేము 22 మిల్లీసెకన్లు నిలుస్తుంది, తర్వాతది 11 మిల్లీసెకన్లకే పోతుంది, మళ్లీ 22, మళ్లీ 11. సెకను సగటు తీస్తే 60 ఫ్రేములే కాబట్టి మూలన ఉన్న అంకె మీకు ఏ తప్పూ చూపించదు. ఫోన్ డిస్‌ప్లే సెట్టింగులలో రిఫ్రెష్ రేటును 60కి మార్చి అదే మలుపు మళ్లీ తిరగండి. 120 హెర్ట్జ్ తెర ఉన్నవారికి ఈ బాధ ఉండదు, ఎందుకంటే అక్కడ ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. నిజానికి పీఎస్‌పీ తెర సెకనుకు 59.94 సార్లు మారేది, ఆ చిన్న తేడా వల్ల 60 హెర్ట్జ్ తెర మీద కూడా పదహారు, పదిహేడు సెకన్లకు ఒక ఫ్రేము అదనంగా నిలవవచ్చు, కాని దాన్ని కన్ను పట్టుకోవడం కష్టం.

దుమ్ము లేచినప్పుడు పట్టేయడం షేడర్ల వల్ల వచ్చేది. ఆటలో ఒక కొత్త దృశ్యప్రభావం మొదటిసారి కనిపించినప్పుడు, దాన్ని గీయడానికి కావలసిన చిన్న ప్రోగ్రామును, అంటే షేడరును, మీ ఫోన్‌లోని గ్రాఫిక్స్ చిప్ అర్థం చేసుకునే రూపంలోకి డ్రైవర్ అప్పటికప్పుడు మార్చాలి. కన్సోల్‌లో ఈ పని ఉండదు, ఎందుకంటే అక్కడ చిప్ ఒక్కటే రకం, ఏ ప్రభావాన్ని ఎలా గీయాలో ముందే ఖరారై ఉంటుంది. నింటెండో కన్సోళ్లు గేమ్‌క్యూబ్, వీ (Wii) ఆటలను నడిపే డాల్ఫిన్ అనే ఎమ్యులేటర్‌లో ఈ బెడద ఇంకా ఎక్కువగా ఉండేది. దాన్ని తప్పించడానికి వారు 2017లో ఉబర్‌షేడర్లను తెచ్చారు, అంటే ఏ ప్రభావం వచ్చినా గీయగల ఒకే పెద్ద షేడరును ముందే సిద్ధం చేసి ఉంచుతారు. అది గ్రాఫిక్స్ చిప్ మీద చాలా భారం వేస్తుంది, మధ్యశ్రేణి ఫోన్లు మోయలేవు.

పీపీఎస్‌ఎస్‌పీపీ ఒకసారి తయారైన షేడర్లను దాచుకుంటుంది. అందుకే మీకు రెండో ల్యాప్‌లో ఇబ్బంది లేదు. మీ ఫోన్‌లో నిల్వను శుభ్రం చేసే యాప్ ఏదైనా ఉంటే, పీఎస్‌పీ ఫోల్డరులో సిస్టమ్ అనే దానిలోపల ఉండే క్యాష్ ఫోల్డరును అది తుడిచేయకుండా చూసుకోండి. ఇంకొక మాట: టెక్స్చర్ అప్‌స్కేలింగ్‌ను వెంటనే ఆపేయండి. ఆ పని ప్రాసెసర్ మీద పడుతుంది, కొత్త టెక్స్చర్ వచ్చిన ప్రతిసారీ అది కూడా ఇలాగే పట్టేసినట్టు చేస్తుంది.

ఇక పన్నెండు నిమిషాల తర్వాత వచ్చే మందగింపు వేడి వల్లనే అని నా అనుమానం. చల్లగా ఉన్న ఫోన్‌లో 1 రెట్టుకూ 5 రెట్లకూ వేగం ఎంతెంత ఉందో, వేడెక్కాక ఎంత ఉందో రాసి పెట్టండి. అంకెలు చూశాక మాట్లాడుకుందాం.

రామగుండం_రేసర్

పాత_కన్సోల్ గారికి కృతజ్ఞతలు. తెరను 60కి మార్చగానే కంచె వణుకు పోయింది. ఇన్ని రోజులు ఎమ్యులేటర్ సెట్టింగులలో వెతుకుతూ కూర్చున్నాను, ఫోన్ సెట్టింగులలో ఉందని తట్టనేలేదు. అప్‌స్కేలింగ్ ఆపాక మొదటి ల్యాప్‌లో పట్టేయడం సగానికి పైగా తగ్గింది.

అంకెలు ఇవి. ఉదయం ఆరు గంటలకు, ఫోన్ చల్లగా ఉన్నప్పుడు, 1 రెట్టులోనూ 5 రెట్లలోనూ వేగం 100 శాతమే. మధ్యాహ్నం 5 రెట్లలో తొమ్మిదో నిమిషానికి 78 శాతానికి పడింది, అప్పుడు బ్యాటరీ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. 1 రెట్టులో ఇరవయ్యో నిమిషం దాకా నిలబడి తర్వాత 85కి దిగింది. రెండుసార్లూ చార్జర్ తగిలించి ఉంది, కవరు కూడా ఉంది.

తెనాలి_తెర

ఎమ్యులేషన్‌లో భారమంతా ప్రాసెసర్ మీదే ఉంటుందని, రిజల్యూషన్ గ్రాఫిక్స్ చిప్ పని కాబట్టి వేగానికి దానితో సంబంధం లేదని చాలాచోట్ల చదివాను. నేను కూడా ఏదో అలవాటుగా తగ్గించమన్నాను. మరి 1 రెట్టులో ఇరవై నిమిషాలు ఎలా నిలబడింది?

పాత_కన్సోల్

మీరు చదివినది సగం నిజం. పీఎస్‌పీ ప్రాసెసర్ మిప్స్ జాతిది, ఫోన్‌లోది ఆర్మ్ జాతిది. ఆటలోని మిప్స్ ఆదేశాలను ఎమ్యులేటర్ ఎప్పటికప్పుడు ఆర్మ్ ఆదేశాలుగా మార్చి నడుపుతుంది, ఆ పని దాదాపుగా ఒక్క పెద్ద కోరు మీదే పడుతుంది. మిగిలిన ఆరు చిన్న కోర్లు ఖాళీగా ఉన్నా అందుకోలేవు. కాని ప్రాసెసరూ గ్రాఫిక్స్ చిప్పూ ఫోన్‌లో ఒకే సిలికాన్ ముక్క మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని వేడి రెండోదానికి తగులుతుంది. పీఎస్‌పీ అసలు తెర 480×272, అంటే 1,30,560 పిక్సెళ్లు. 5 రెట్లు అంటే 2400×1360, అంటే 32,64,000 పిక్సెళ్లు: ఇరవై ఐదింతల పని. చల్లగా ఉన్నప్పుడు గ్రాఫిక్స్ చిప్ ఆ పనిని చేసేస్తుంది, అందుకే మీకు వేగంలో తేడా కనిపించలేదు. కాని ఆ వేడికి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి పెద్ద కోరు వేగాన్నే తగ్గిస్తుంది, ఆట అక్కడ పడిపోతుంది. 2 రెట్లు చాలు, ఆరంగుళాల తెర మీద దానికీ 5 రెట్లకూ తేడా వెతికితే తప్ప కనిపించదు.

శబ్దం గరగర వేరే జబ్బు కాదు. ఆట 80 శాతం వేగంతో నడిస్తే ధ్వని కూడా 80 శాతమే తయారవుతుంది, స్పీకరు మాత్రం తన లెక్క ప్రకారం అడుగుతూనే ఉంటుంది, అందనిచోట ఖాళీ పడి అలా వినిపిస్తుంది. వేగం నిలబడితే అదే పోతుంది.

గుంటూరు_రిపేరు

పద్నాలుగేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, ఆటల గురించి నాకు పెద్దగా తెలియదు, కాని వేడి గురించి ఒక మాట చెప్పాలి. 1 రెట్టులో కూడా 85కి దిగిందన్నారు కదా, అది నాకు మామూలుగా అనిపించడం లేదు. ఈ ఫోన్‌ను ఎప్పుడైనా విప్పించారా? చాలా ఫోన్లలో వెనుక మూత తీయగానే వేడిని పంచే నల్లటి పలుచని గ్రాఫైట్ షీటు ఒకటి మదర్‌బోర్డు నుంచి బ్యాటరీ మీదుగా పరుచుకుని ఉంటుంది, చిప్పు మీద లోహపు కవచానికీ ఫోన్ చట్రానికీ మధ్య బూడిదరంగు మెత్తని థర్మల్ పేస్టు ఉంటుంది. తెర మార్చేటప్పుడు ఆ షీటు చిరిగిపోతే తీసి పారేసి, పేస్టు తుడిచేసి, తిరిగి పెట్టకుండానే మూత అంటించేసిన ఫోన్లు నా బల్ల మీదకు చాలా వచ్చాయి. అలాంటి ఫోన్ మాట్లాడటానికి బాగానే పనిచేస్తుంది, ఆట ఆడితేనే బయటపడుతుంది. వేడి అంతా ఒకేచోట, కెమెరా పక్కన చుక్కలా కాలుతుంటే అనుమానించాలి. వెనుక మొత్తం సమానంగా వెచ్చబడితే షీటు ఉన్నట్టే.

చార్జర్ తగిలించి ఆడటం మాత్రం ఈరోజే మానేయండి. చార్జింగ్ వేడి, ఆట వేడి రెండూ కలిసి ముందుగా దెబ్బతినేది బ్యాటరీయే. మీ అన్నయ్యగారి పీఎస్‌పీ బ్యాటరీ ఉబ్బిందన్నారు, దీన్ని కూడా అక్కడిదాకా తీసుకెళ్లవద్దు.

ఫ్రిస్కో_తెలుగు

నాది ఐఫోన్. యాపిల్ 2024 ఏప్రిల్‌లో పాత కన్సోళ్ల ఎమ్యులేటర్లను అనుమతించాక, మే నెలలో పీపీఎస్‌ఎస్‌పీపీ యాప్ స్టోరులోకి వచ్చింది. ఇక్కడ కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయా?

పాత_కన్సోల్

వేడి, షేడర్ల సంగతి అంతే. ఒక తేడా ఉంది: నేను పైన చెప్పిన అప్పటికప్పుడు ఆదేశాలు మార్చే పద్ధతిని, అంటే జిట్‌ను, యాప్ స్టోరు యాప్‌లకు యాపిల్ అనుమతించదు. అందువల్ల అదే ఆటకు ప్రాసెసర్ మరింత కష్టపడాలి. కొత్త ఐఫోన్లు పీఎస్‌పీ వరకు ఆ భారాన్ని మోస్తాయి, కాని డాల్ఫిన్ అక్కడ లేకపోవడానికి ఇదే కారణం. మీ దగ్గర వేగం తగ్గితే మొదట లో పవర్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

రామగుండం_రేసర్

గుంటూరు గారూ, మీరు అడిగిన ప్రశ్న చదవగానే గుర్తొచ్చింది, పోయిన ఏడాది తెర పగిలితే ఒక దుకాణంలో మార్పించాను. కెమెరా పక్కన వేలు పెడితే నిజంగానే చుక్కలా కాలుతోంది, కింది సగం చల్లగా ఉంది. నిన్న వేరే మెకానిక్ దగ్గర నా ఎదుటే మూత తీయించాను. షీటు లేదు, దాని జిగురు మరకలు మాత్రం ఉన్నాయి. కొత్త షీటు, కొత్త పేస్టు వేయించాను.

నిన్న మధ్యాహ్నమే, చార్జర్ లేకుండా, కవరు తీసేసి, 2 రెట్లలో, 60 హెర్ట్జ్‌లో నలభై నిమిషాలు ఆడాను. వేగం 100 శాతం దగ్గరే ఉంది, రెండుసార్లు 97 కనిపించింది. బ్యాటరీ 41 డిగ్రీలు దాటలేదు. కొత్త ట్రాక్‌లో మొదటి ల్యాప్ మాత్రం ఇంకా ఒకటి రెండు చోట్ల పట్టేస్తోంది. అందుకని అన్నయ్య వచ్చేలోగా రోజుకు నాలుగు ట్రాకుల చొప్పున నేనే ఒక్కో ల్యాప్ తిరిగి, ప్రతి దానిలో కారును ఒకసారి మట్టిలోకి దింపి, ఆ షేడర్లన్నీ ముందే తయారుచేసి ఉంచుతున్నాను.