స్వాజీలాండ్‌లో రెండు రాత్రులు: హ్లానేనా, మ్ఖాయానా, మ్లిల్వానేనా?

మైలురాయి: ఆగస్టు ఆఖర్లో జొహానెస్‌బర్గ్‌లో అద్దె కారు తీసుకుని, ఓషూక్ దగ్గర బోర్డర్ దాటి, రెండు రాత్రులుండి, గోలేలా బోర్డర్ మీదుగా డర్బన్. అమ్మకి 68. ఈ మూడు వన్యమృగాల పార్కులూ అవుతాయా?

పాతబస్తీ: ముందు పేరు సరిచేయండి. 2018 నుంచి ఎస్వతీని.

ఎర్రమట్టి: మూడూ దండగ. పక్కనే దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్క్ ఉంది. ఆ దేశం మొత్తం 17,364 చదరపు కిలోమీటర్లు, క్రూగర్ ఒక్కటే అంతకంటే పెద్దది. హ్లానేలో సింహాలకి విడిగా కంచె. దాన్ని జూ అంటారు.

గడ్డివాము: కంచె ఉన్నమాట నిజమే. ఆ భాగంలోకి సొంత కారు రానివ్వరు, రేంజర్ బండి ముందే బుక్ చేసుకోవాలి. మిగతా పార్కులో మీ కారులోనే తిరగొచ్చు. అసలు తిరగక్కర్లేదు కూడా. ఎన్‌డ్లోవు క్యాంపు ఎదురుగా నీటిగుంట ఉంది. ఆగస్టుకి బయట నీళ్లు ఎండిపోతాయి కాబట్టి సాయంత్రమయ్యేసరికి తెల్ల ఖడ్గమృగాలు అక్కడికే వస్తాయి. మధ్యలో కంచె తీగలు, ఇవతల బెంచీలు. ఆ క్యాంపు గదుల్లో కరెంటు లేదు, దీపాలే. అమ్మగారికి ఇబ్బందైతే భుబేసి క్యాంపు చూడండి.

మ్ఖాయా వేరే కథ. సొంత కారుతో తిరగడం లేదు, బుకింగ్ లేకుండా లోపలికి లేదు. ఉదయం 10కి, సాయంత్రం 4కి రేంజర్ వచ్చి తీసుకెళ్తాడు. ఆ టైం తప్పితే మీ రోజు పోయినట్టే. స్టోన్ క్యాంపులో గోడలు సగం వరకే. నల్ల ఖడ్గమృగం కావాలంటే మాత్రం ఇదే.

కొబ్బరిమట్ట: మలేరియా?

గడ్డివాము: హ్లానే, మ్ఖాయా పల్లపు ప్రాంతం, మలేరియా ఉంది. ఆగస్టు అక్కడ చలికాలం, అప్పుడు తక్కువే అయినా బయల్దేరేముందే డాక్టర్ని అడగండి.

ఎర్రమట్టి: కంచె సంగతికి జవాబు రాలేదు.

గడ్డివాము: వచ్చింది, మీరు చదవలేదు. 1980ల చివర్లో వేటగాళ్లు అక్కడి ఖడ్గమృగాల్ని ఊచకోత కోస్తుంటే, 1991లో చట్టం మార్చారు. ఖడ్గమృగాన్ని చంపితే కనీసం అయిదేళ్ల జైలు, జరిమానా కట్టి తప్పించుకోవడం లేదు. కంచె, కాపలా, ఆ చట్టం మూడూ కలిస్తేనే మిగిలాయి.

పాతబస్తీ: రీడ్ డాన్స్, అదే పెళ్లికాని అమ్మాయిలు రెల్లు తెచ్చి నాట్యం చేసే పండగ, ఎవరూ ఎత్తరేం? అక్కడి పేరు ఉమ్‌హ్లాంగా, ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదట్లోనే, లోబాంబా పక్కన లుద్జిద్జిని రాజనివాసంలో. తేదీలు ఆలస్యంగా ప్రకటిస్తారు, దగ్గర్లోని ఎజుల్వినిలో గదులు ముందే నిండుతాయి. ఫోటోల మీద ఆంక్షలుంటాయి, అడిగి తియ్యండి. తేదీ కుదరకపోతే సందర్శకులకి పాత జీవనం చూపించే మాంటెంగా పల్లెలో సిభాకా అనే సంప్రదాయ నాట్యం రోజూ ఉంటుంది.

ఎర్రమట్టి: టికెట్ పెట్టి చూపించే పల్లె. అక్కడ సింహాలు, ఇక్కడ మనుషులు.

గడ్డివాము: నోరు జాగ్రత్త. ఆ గుడిసెలు కట్టే పద్ధతి, గడ్డి అల్లిక నిజమైనవి. ఉమ్‌హ్లాంగా మీకోసం పెట్టిన షో కాదు, మీరు లేకపోయినా జరుగుతుంది. ఒక్కసారి చూడకుండానే అన్నీ జూలేనా?

ఎర్రమట్టి: సరే, సూటిగా చెప్తా. నా గొడవ తీగల గురించి కాదు. 2016లో అక్కడి నుంచి 17 ఏనుగుల్ని విమానంలో అమెరికా జూలకి పంపారు. అదే ఏడాది ఖడ్గమృగాల కొమ్ములు అమ్ముకోనివ్వండని సైటీస్‌లో, అంటే వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సమావేశంలో, అడిగి ఓడిపోయారు. కాపాడేదీ అమ్మేదీ ఒకే చెయ్యి. ఆ చేతికి నేను టికెట్ డబ్బులివ్వను.

గడ్డివాము: ఇది మొదటే అనొచ్చుగా! అప్పుడు ఘోరమైన కరువు. ఏనుగులు చెట్లు పడగొడుతున్నాయి, ఖడ్గమృగాలకి మేత మిగలదు అన్నది వాళ్ల వాదన. పంపింది తప్పనిపిస్తే అనండి, సగం నేనూ ఒప్పుకుంటా. కొమ్ముల అమ్మకం మాత్రం ఒప్పే. కాపలావాళ్ల జీతాలు ఆకాశంలోంచి రాలవు.

ఎర్రమట్టి: నేను ఒప్పుకోను.

మైలురాయి: మొదటి రాత్రి మ్లిల్వానే. అక్కడ సింహాలు లేవు కాబట్టి అమ్మతో కలిసి నడవచ్చు, మొసళ్లుండే నీటి ఒడ్డుకి మాత్రం పోం. రెండో రాత్రి హ్లానే, భుబేసిలో. మ్ఖాయా వదిలేశాం.

గడ్డివాము: కారు కంపెనీ నుంచి బోర్డర్ దాటే అనుమతి పత్రం తీసుకోండి. దక్షిణాఫ్రికా వీసా మళ్లీ లోపలికి రానిచ్చేదేనా చూసుకోండి. ఎస్వతీనిలో దక్షిణాఫ్రికా రాండ్ చెల్లుతుంది, కానీ అక్కడి డబ్బు లిలాంగేని బయట చెల్లదు. గోలేలా దాటకముందే మిగిలిన లిలాంగేనితో పెట్రోలు కొట్టించేయండి.