నాట్య ప్రదర్శనల్లో పిల్లలందరికీ ఒకే మేకప్ బ్రష్‌లు: శుభ్రపరిచే పద్ధతి, తరువాత ముఖ సంరక్షణ గురించి చెప్పగలరా?

మువ్వలబడి (విజయవాడ):

అందరికీ నమస్కారం. విజయవాడలో 13 ఏళ్ళుగా చిన్న కూచిపూడి శిక్షణాలయం నడుపుతున్నాను. ప్రస్తుతం నా దగ్గర 9 నుంచి 19 ఏళ్ళ వయసున్న పిల్లలు 22 మంది నేర్చుకుంటున్నారు. దసరా నవరాత్రులు మొదలుకొని ధనుర్మాసం ముగిసే వరకు గుళ్ళలోను, సభల్లోను మాకు వరుసగా ప్రదర్శనలు ఉంటాయి. ప్రతిసారీ మేకప్ చేసేవారిని పిలిపించే స్తోమత లేనందున నేనూ, పెద్ద పిల్లలు ఇద్దరూ కలిసి అందరికీ ప్యాన్‌కేక్ (నీటితో తడిపి ముఖానికి పూసే రంగు బిళ్ళ) వేసి, కళ్ళు దిద్ది, వేదిక మీదికి పంపుతాము.

ఈ ఏడాది ఏడుగురు పిల్లలకు చెంపల మీద, గడ్డం కింద చీము పొక్కులు వచ్చాయి. ఒక తల్లి తన కూతురిని నా ముందు నిలబెట్టి, మాటేమీ అనకుండా ఆ చెంపను దీపం వైపు తిప్పి చూపించినప్పుడు నాకు మా మేకప్ పెట్టె గుర్తుకు వచ్చింది. ఆ రాత్రే తెరిచి చూశాను. ప్రదర్శన జరిగి నాలుగు రోజులైనా స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది, దాని అంచున నల్లటి చుక్కలు కనిపించాయి. పెద్ద బ్రష్ వెంట్రుకలు అట్టకట్టి, ముక్కు దగ్గరికి తెస్తే ముక్కిపోయిన వాసన వచ్చింది. ఆ పెట్టె బాధ్యత నాదే కాబట్టి తప్పు కూడా నాదేనని ఒప్పుకుంటున్నాను.

బ్రష్‌లను ఎలా కడగాలి, ఎన్నాళ్ళకు ఒకసారి కడగాలి, ఒకరి తరువాత ఒకరికి వేసే హడావిడిలో ఏం చేయాలి? ప్రదర్శన అయ్యాక పిల్లలు కొబ్బరి నూనెతో రంగు తుడిచి, ఒంటి సబ్బుతో గట్టిగా రుద్దుకుంటారు. అది సరైనదేనా? తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

అద్దంముందు (రాజమహేంద్రవరం):

టీచరుగారూ, నమస్కారం. పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేయడం నా వృత్తి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకే రోజు ముగ్గురు నలుగురికి చేయవలసి వస్తుంది కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ముందుగా ఆ స్పాంజిని పారవేయండి. నల్ల చుక్కలు బూజు. అది లోపలి దాకా పాకి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ఇకమీదట పెద్ద స్పాంజి కొని, కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క ముక్క ఇచ్చి, ప్రదర్శన ముగిశాక పారవేయడమే సుఖమైన పద్ధతి. తడి స్పాంజిని తిరిగి తిరిగి ప్యాన్‌కేక్ మీద రుద్దితే ఒక ముఖం మీది మురికి ఆ బిళ్ళలోకి, అక్కడి నుంచి మిగతా అందరి ముఖాలకూ చేరుతుంది. అందువల్ల బిళ్ళ పైపొరను శుభ్రమైన చెంచాతో గీకి, ఎవరికి కావలసినంత వారికి విడివిడిగా చిన్న స్టీలు పళ్ళెంలో తీసుకొని, నీళ్ళు కూడా అక్కడే కలుపుకోవాలి.

ఇక బ్రష్‌లు. సొంతానికి వాడుకునే బ్రష్‌లనే 7 నుంచి 10 రోజులకు ఒకసారి కడగాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ చెబుతుంది. పదిమందికి వాడేవాటిని ప్రదర్శన జరిగిన రోజు రాత్రే కడగాలి. మర్నాటికి వాయిదా వేస్తే రంగు వెంట్రుకల మొదట్లో గట్టిపడిపోతుంది.

కడిగేటప్పుడు బ్రష్ తల ఎప్పుడూ కిందికే ఉండాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. కుచ్చును పిడికి బిగించే రేకు గొట్టం లోపల జిగురు ఉంటుంది. తల పైకి పట్టుకొని కడిగినా, గ్లాసులో నిలబెట్టి నానబెట్టినా నీరు ఆ గొట్టంలోకి చేరి జిగురు వదులై, వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. గోరువెచ్చని నీటిలో కొనలు మాత్రమే తడిపి, అరచేతిలో చిన్నపిల్లల షాంపూ రూపాయి బిళ్ళంత వేసుకొని, అందులో బ్రష్‌ను మెల్లగా గుండ్రంగా తిప్పండి. మొదట నురుగు ఎర్రగానో, గోధుమ రంగులోనో వస్తుంది. కడిగి మళ్ళీ షాంపూ వేసి, నురుగు తెల్లగా వచ్చే వరకు ఇలాగే చేయాలి. పెదవుల రంగు, జిడ్డు ఫౌండేషన్ అంటిన బ్రష్‌లకు మొదట రెండు చుక్కల నూనె పట్టించి, గుడ్డ మీద తుడిచి, తరువాత షాంపూతో కడిగితే త్వరగా వదులుతుంది. మీది బోరు నీరైతే నురుగు సరిగా రాదు, ఆరాక వెంట్రుకలు బిరుసెక్కుతాయి. అలాంటప్పుడు చివరి జాలింపుకు తాగే నీరు ఒక చెంబెడు వాడండి.

తరువాత తువ్వాలు మడతలో పెట్టి మెత్తగా అదిమి, వేళ్ళతో కుచ్చు ఆకారం సరిచేసి, తలలు బల్ల అంచు దాటి గాలిలో ఉండేలా పడుకోబెట్టి ఫ్యాను వేయండి. ఎర్రటి ఎండలో పెట్టవద్దు. సింథటిక్ వెంట్రుకలు పొద్దుటికి ఆరిపోతాయి కాని, మేక వెంట్రుకల పెద్ద బ్రష్‌కు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మీ కృష్ణ ఒడ్డున వానాకాలంలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

పిల్లకూ పిల్లకూ మధ్య కడిగే సమయం ఉండదు కాబట్టి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను (క్రిములను చంపే ద్రవం) స్ప్రే సీసాలో పోసి ఉంచుకోండి. బ్రష్‌ను మొదట టిష్యూ మీద తుడిచి, కొనలు తడిసేలా చల్లి, పూర్తిగా ఆరాకనే తరువాతి ముఖానికి వాడాలి. రెండు జతలుంటే ఒకటి ఆరేలోగా ఇంకొకటి వాడవచ్చు. 99 శాతం ఉన్నది మరింత మంచిదనుకొని చాలామంది అదే కొంటారు. అది తొందరగా ఆవిరైపోతుంది, పైగా సూక్ష్మజీవుల మీద పని చేయడానికి ఆల్కహాలుకు కొంత నీరు కూడా అవసరం. అయితే 70 శాతం ఆల్కహాలుకైనా తేలికగా నిప్పంటుకుంటుంది. ప్రదర్శనకు ముందు నటరాజస్వామి దగ్గర దీపం వెలిగిస్తారు కదా, ఆ గదిలోకి ఈ సీసాను తీసుకువెళ్ళవద్దు.

కాటుక, ఐలైనర్, పెదవుల బ్రష్ మాత్రం ఎంత శుభ్రం చేసినా ఒకరివి ఒకరికి వాడవద్దు. 2023 వానాకాలంలో కండ్లకలక మన రెండు రాష్ట్రాలనూ చుట్టేసినప్పుడు, నా దగ్గరికి వచ్చిన ప్రతివారినీ కాటుక తెచ్చుకోమని అడిగాను. ఒకరిద్దరు నొచ్చుకున్నా ఆ నియమాన్ని ఇప్పటికీ మార్చలేదు.

మందులకొట్టు (గుంటూరు):

పై సమాధానం చాలా ఉపయోగకరంగా ఉంది. నేను ఫార్మసిస్టును కాబట్టి ముఖం సంగతి మాత్రమే రాస్తాను.

నూనెతో రంగు తీయడం మంచి పద్ధతే. కాని మొటిమల తత్వం ఉన్నవారికి కొబ్బరి నూనె చర్మరంధ్రాలను మూసివేస్తుంది. దాని బదులు మందుల దుకాణాల్లో దొరికే లిక్విడ్ పారఫిన్ (రంగు, వాసన లేని ఖనిజ నూనె) గాని, మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే ద్రవం) గాని దూదితో అద్ది, రుద్దకుండా తుడవాలి. ఆ తరువాత ఒంటి సబ్బు కాక, తేలికైన ఫేస్‌వాష్‌తో ఒక్కసారి కడిగితే చాలు. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో, సుమారు 5 పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం) దగ్గర ఉంటుంది. మామూలు సబ్బుది 9 నుంచి 10, అంటే క్షారగుణం. గట్టిగా రుద్దితే శుభ్రమవుతుందనుకుంటాం కాని, చర్మం పైపొర దెబ్బతిని మంట పుడుతుంది, ఉన్న పొక్కులు చితికి మచ్చలు పడతాయి.

రోజూ చేయవలసినది చాలా తక్కువ: ఉదయం, రాత్రి ఫేస్‌వాష్, పలుచని మాయిశ్చరైజర్, పగలు బయటికి వెళ్ళేటప్పుడు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తికి కొలమానం) 30 ఉన్న సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను 97 శాతం వరకు ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. కాబట్టి ఖరీదైనదాన్ని పిసరంత రాసుకోవడం కన్నా 30 ఉన్నదాన్నే ముఖానికీ మెడకూ సరిపడా, అంటే రెండు వేళ్ళ పొడవున తీసుకొని రాసుకోవడం మంచిది. నిమ్మరసం పూయనివ్వకండి. దానిమీద ఎండ పడితే చర్మం బొబ్బలెక్కి నల్లబడుతుంది. పెద్ద పిల్లలకు మొటిమలుంటే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాత్రిపూట పలుచగా రాయవచ్చు. కాని అది తగిలిన బట్ట రంగు వెలిసిపోతుంది, కాబట్టి నాట్యం దుస్తుల దరిదాపులకు రానివ్వవద్దు. ముట్టుకుంటే నొప్పి పుట్టే పొక్కులు, తేనె రంగులో పక్కు కట్టే పుళ్ళు ఉన్న పిల్లలను చర్మవైద్యులకు చూపించాలి. అవి తగ్గేవరకు మేకప్ వద్దు.

ఒక మాట ప్రత్యేకంగా రాయవలసి ఉంది. రంగు తేలడానికని స్టెరాయిడ్ కలిసిన ట్యూబులను చీటీ లేకుండా అడిగేవారు మా కొట్టుకు రోజూ వస్తుంటారు. చర్మానికి పూసే పలు స్టెరాయిడ్ మందులను కేంద్రప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మొదటి వారాల్లో ముఖం మెరిసినట్టే కనిపిస్తుంది. నెలల తరబడి వాడాక చర్మం పలుచబడి, ఎర్రబారి, పొక్కులు లేచి, ఆడపిల్లల చెంపల మీద వెంట్రుకలు కూడా మొలుస్తాయి. మీ పిల్లల్లో ఎవరైనా అలాంటిది వాడుతున్నారేమో దయచేసి విడిగా, మెల్లగా అడగండి. వాడుతుంటే ఒక్కసారిగా మానిపించకుండా వైద్యుల దగ్గరికి పంపండి, ఎందుకంటే హఠాత్తుగా ఆపితే మంట మరింత పెరుగుతుంది.

పాతశిష్యురాలు (ఏలూరు):

మా తాతగారు యక్షగానాల్లో వేషం కట్టేవారు. అప్పట్లో ముఖానికి అరదళం పూసుకునేవారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజమని నేను కాలేజీలో చదివి ఇంటికి వచ్చి చెప్పినప్పుడు నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ముఖానికి ఏం పూస్తున్నామో, దేనితో పూస్తున్నామో మీరు ఆరా తీస్తున్నందుకు సంతోషంగా ఉంది, టీచరుగారూ. మా గురువుగారు ప్రతి పిల్లకూ గుడ్డసంచి కుట్టించి, పేరు రాయించి, కాటుక, పెదవుల బ్రష్, స్పాంజి ముక్క అందులో పెట్టించేవారు. గజ్జెల సంచితో పాటు అదీ మోసుకొచ్చేవాళ్ళం.

మువ్వలబడి (విజయవాడ):

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పాత స్పాంజిని, అట్టకట్టిన రెండు బ్రష్‌లను పారవేసి, మిగిలిన తొమ్మిదింటిని ఈ రోజు కడిగాను. రేకు గొట్టాల సంగతి తెలియక ఇన్నేళ్ళూ వాటిని గ్లాసులో నిలబెట్టి నానబెట్టాను, వెంట్రుకలు ఊడుతుంటే నాసిరకం అనుకున్నాను. స్టెరాయిడ్ ట్యూబు విషయం పెద్ద పిల్లలను విడివిడిగా అడిగాను. ఒక అమ్మాయి ఆరు నెలలుగా వాడుతున్నట్టు చెప్పి ఏడ్చింది. వాళ్ళమ్మతో మాట్లాడి, సోమవారం చర్మవైద్యుల దగ్గరికి నేనే తీసుకువెళ్తానన్నాను. ఇంకొక్క సందేహం: ఆరిన బ్రష్‌లను మళ్ళీ ఆ రేకు పెట్టెలోనే మూత వేసి ఉంచవచ్చునా?

అద్దంముందు (రాజమహేంద్రవరం):

మూత వేయవద్దండీ. పలుచని నూలుగుడ్డలో చుట్టి, గాలి తగిలే అలమరలో పెట్టండి. పైకి ఆరినట్టున్నా పెద్ద బ్రష్ నడుమ చెమ్మ మిగిలి ఉంటుంది. చుట్టే ముందు దాని వెంట్రుకలను వేళ్ళతో విడదీసి, వాటి మొదళ్ళను పెదవికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.