స్పర్శ ద్రవీభవనం అనాలా, ‘కరగడం’ అంటే చాలదా?

మిశ్రలోహాలలో విసరణ గుణకాన్ని (ఒక పదార్థపు పరమాణువులు మరొకదానిలోకి ఎంత త్వరగా వ్యాపిస్తాయో తెలిపే సంఖ్యను) కొలిచే ఒక పద్ధతిని తెలుగులో రాస్తూ, రెండు లోహాలు ఒకదానినొకటి తాకిన చోట కరగడాన్ని ‘స్పర్శ ద్రవీభవనం’ అనవచ్చునా అని సభ్యులొకరు అడిగారు. ‘స్పర్శ కోణం’, ‘స్పర్శరేఖ’ పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మాటలే కనుక ‘స్పర్శ’తో నాకు పేచీ లేదు. ఆలోచించవలసింది ‘ద్రవీభవనం’ గురించే.

ముందు జరిగేదేమిటో చూద్దాం. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బిస్మత్ 271 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నున్నగా సానబట్టిన ఈ రెండు కడ్డీల కొసలను ఆనించి 160 డిగ్రీల కొలిమిలో ఉంచితే, విడివిడిగా ఏదీ కరగవలసిన పని లేదు. అయినా అవి ఆనిన చోట సన్నని ద్రవపు పొర పుడుతుంది, ఎందుకంటే తగు పాళ్లలో కలిసిన వాటి మిశ్రమం 139 డిగ్రీలకే కరుగుతుంది. ఆ పొర రెండు వైపులా ఘనలోహాన్ని తనలో కలుపుకొంటూ మందమెక్కుతుంది. తేలికైన తగరాన్ని పైన, బరువైన బిస్మత్‌ను కింద నిలబెడితే ద్రవంలో ప్రవాహాలు తలెత్తవు. పరమాణువుల కదలికకు విసరణ ఒక్కటే దారి అవుతుంది. అప్పుడు పొర మందం కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది, అంటే మందం రెట్టింపు కావడానికి నాలుగింతల సమయం పడుతుంది. ఆ మందాన్ని కొలిచి, పొర రెండు అంచుల దగ్గర ఏ లోహం ఎంత పాలు ఉందో ప్రావస్థా పటం (ఏ పాళ్ల మిశ్రమం ఏ ఉష్ణోగ్రత దగ్గర ఘనంగా, ద్రవంగా ఉంటుందో చూపే పటం) నుంచి తీసుకుంటే ద్రవంలోని విసరణ గుణకం లెక్కకు వస్తుంది. కరిగిన లోహాలలో అది సాధారణంగా సెకనుకు 10⁻⁹ చదరపు మీటర్ల స్థాయిలో ఉంటుంది.

ఇప్పుడు మాట సంగతి. ‘ద్రవీభవనం’ అనగానే విద్యార్థికి ‘ద్రవీభవన స్థానం’ గుర్తుకు వస్తుంది, కాని ఇక్కడ ఏ లోహమూ తన ద్రవీభవన స్థానాన్ని చేరుకోదు. మన ‘కరుగు’ విస్తృతి వేరు: ఎండకు మంచు కరుగుతుంది, నీళ్లలో ఉప్పూ కరుగుతుంది. వేడికి ద్రవం కావడం, మరొకదానిలో లీనం కావడం అనే రెండు అర్థాలూ ఆ క్రియలో ఉన్నాయి, ఈ ప్రయోగంలోనూ ఆ రెండూ విడదీయరాకుండా జరుగుతాయి. ఇంత సరిగ్గా అమరిన దేశ్యపదాన్ని వదులుకోవడం నాకు నష్టమనిపిస్తుంది.

‘స్పర్శ కరుగుదల’ అంటే సంస్కృత పదాన్ని తెలుగు పదంతో కలిపిన వైరి సమాసమని వ్యాకరణజ్ఞులు అభ్యంతరం చెప్పవచ్చు. అందుకని శీర్షికలో ‘స్పర్శ ద్రవీభవనం’ ఉంచి, వివరణలో అంతటా ‘ఆనుకొని కరగడం’ అని రాయమని నా సూచన. ‘విసరణ’ను మాత్రం మార్చనక్కరలేదు, అది సంస్కృత ‘సృ’ ధాతువు నుంచి వచ్చినది, మన ‘విసరు’తో దానికి చుట్టరికం లేదని ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

327 డిగ్రీలకు కరిగే సీసం తగరంతో తగు పాళ్లలో కలిసినప్పుడు 183 డిగ్రీలకే కరగడం, గిన్నెలకు మాటు వేసేవారికి చేతిపనిగా తెలిసిన విషయమే. ఆ పనిలో దీనికి వేరే మాటేదైనా వాడుకలో ఉంటే, విన్న సభ్యులు ప్రాంతం పేరుతో సహా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.